రంగు కింది తడి

అబద్ధానికి ఒక వాసన ఉంటుంది. మూలన పడేసిన తడి గోనెసంచి వాసన. ముప్పైయొక్క ఏండ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివినవాణ్ణి. మీటరుకు అయస్కాంతం తగిలించి, నా ముందు చేతులు కట్టుకుని అమాయకంగా నిలబడ్డ పెద్దమనుషులను వేలల్లో చూశాను. గేటు తీయకముందే ముక్కుతో పట్టేవాణ్ణి. రిటైరై ఈ డిటెక్టివ్ బోర్డు కట్టుకుని ఏడేండ్లయింది. బుచ్చిరాములు ముక్కును దాటిపోయిన అబద్ధం ఈ శహరులో ఇంకా పుట్టలేదు. నమ్మకపోతే ఈ అధ్యాయం చివరిదాకా చదవండి. నమ్మినా చదవండి, నాకేం నష్టం లేదు.

తొమ్మిది ఇరవైకి లింగస్వామి వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పుస్తకాల షాపు మీద నా గది. పద్దెనిమిది మెట్లెక్కి వచ్చినవాడు ఎవడైనా కూర్చుంటాడు. ఇతడు కూర్చోలేదు.

"కూసునే టైం లేదన్నా. నాలుగింటికి స్టోరు తాళాలు అప్పజెప్పాలె. అటెన్క పోలీస్ స్టేషన్‌కు పోవాలె."

లింగస్వామి ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు కాంట్రాక్టు కంపెనీకి స్టోర్ కీపర్. ఆ కంపెనీ అపార్ట్‌మెంట్లకూ మార్కెట్లకూ కరెంటు లైన్లు బాగుచేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీది ఫ్యూజును కింద నిలబడి లాగడానికి లైన్‌మన్ల దగ్గర ఒక పొడుగాటి రాడ్డు ఉంటుంది. గాజు నారను రెసిన్‌లో ముంచి పోసిన కడ్డీ. దాని గుండా కరెంటు రాదు. రాకూడదు. తొమ్మిది రోజుల కింద వచ్చింది. రాడ్డు పట్టుకున్న లైన్‌మన్ తిరుపతి ఇప్పుడు దవాఖానలో ఉన్నాడు. కుడిచెయ్యి ఉంచాలా తీసెయ్యాలా అన్నది డాక్టర్లు రేపు చెప్తామన్నారు. ఆ రాడ్డు ఇచ్చిన చెయ్యి లింగస్వామిది. తిరుపతి అతడి సొంత అల్లుడు.

"రాడ్డు ఎన్నింటికి ఇచ్చినవ్?" అన్నాను కాగితం తీసుకుని.

"అయిదూ నలభై."

"తడిగుండెనా?"

"లేదన్నా. పాత లుంగీతోని తుడిచి మరీ ఇచ్చిన. జూన్ల ఒచ్చిన కొత్త రాడ్డది."

"వాన ఎప్పుడు పడ్డది?"

"ఆరుంబావుకు షురువై ఏడుకు పది తక్కువకు ఆగింది."

"షాక్?"

"ఏడూ అయిదు."

"నడుమ రాడ్డు ఎక్కడుండె?"

"ఆటో ట్రాలీల, రెగ్జిన్ కవర్ల. తిరుపతి పద్ధతిగల్ల పిలగాడు. కవర్ తియ్యకుంట వానల పెట్టడు."

"జూన్ల కొత్తవి ఒస్తే పాత రాడ్లు ఏం చేసినవ్?"

అతడు కిటికీ వైపు చూశాడు. "అవి ఎప్పుడో పనికిరాకుంట పోయినయి. పనికిరాని రాడ్డును నడిమికి కొయ్యాలె, గది రూలు. కోసి స్క్రాపుకు పంపిన."

"అన్నీ కోసినవా?"

"కోసిన."

నా ముక్కు నిశ్చింతగా ఉంది. గోనెసంచి వాసన లేదు. 'కోశాడు' అని రాసుకుని కింద రెండు గీతలు కూడా కొట్టాను.

"జైలుకు భయపడ్తలేనన్నా," అన్నాడు మెట్ల దగ్గర ఆగి. "దవాఖాన వరండల నా బిడ్డ సంతోషి ఆ కొసకు కూసుంటది, నేను ఈ కొసకు కూసుంట. తొమ్మిది రోజులాయె. తడి రాడ్డు ఇచ్చినవా నాయినా అని ఒక్కటే మాట అడిగింది. లేదన్న. మొఖం తిప్పుకున్నది. దానికి చూపెట్టెటందుకు నాకు రుజువు కావాలె. నా నోటి మాట పనికొస్తలేదు."

రాడ్డు రెండు ముక్కలుగా వస్తుంది. నడుమ ఇనుప కట్టుతో బిగిస్తారు. కొక్కెం ఉన్న పై ముక్క పోలీసుల దగ్గరే ఉంది. చేత్తో పట్టుకునే కింది ముక్కను ఎస్సైగారు సాయంత్రం నాలుగు దాకా నాకు సంతకం మీద ఇచ్చారు. నాలుగింటికి ఇన్సూరెన్స్ కంపెనీ రిపోర్టు కూడా స్టేషన్‌కు చేరుతుంది. అందులో ఏముంటుందో ముందే తెలుసు. 'స్టోర్ కీపర్ నిర్లక్ష్యం. రాడ్డు తడిసింది.'

నాకొక ఆలోచన వచ్చింది. ఎమ్మారై మిషన్ మనిషి ఒంట్లో నీళ్లెక్కడున్నాయో చూస్తుందట. మనిషిలో చూసేది రాడ్డులో చూడదా? రాడ్డును తువ్వాలులో చుట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక స్కానింగ్ సెంటర్‌కు పోయాను.

"పేషెంట్ పేరు?" కౌంటర్‌లో అమ్మాయి తల ఎత్తకుండా అడిగింది.

"రాడ్డు."

"వయసు?"

"జూన్ల పుట్టిందంటున్నరు. అనుమానమే."

టోకెన్ నంబరు ఇరవై మూడు ఇచ్చింది. రాడ్డును ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చున్నాను. పక్కన సైదమ్మ అని ఒక పెద్దావిడ, మోకాళ్ల నొప్పులట, తువ్వాలు కట్ట వైపు జాలిగా చూసింది. "ఏమైంది బిడ్డకు?"

"లోపల నీరు చేరిందేమోనని అనుమానం."

"అయ్యో, నిలబడలేడా?"

"నిలబెడితే పడిపోతున్నడమ్మా."

ఇరవై మూడు పిలిచాక లోపలి టెక్నీషియన్ తువ్వాలు విప్పి ఇనుప కట్టు చూసి రెండడుగులు వెనక్కి గెంతాడు. "ఇనుము లోపలికి తెస్తే మిషన్ గుంజుకుంటది తాతా! మీరూ దాని ఎంబడే పోతరు!" నన్ను బయటికి నెట్టినా మంచివాడే. వరండాలో నిలబడి చెప్పాడు. "రెసిన్‌ల ఇరుక్కున్న నీళ్ల చప్పుడు మా మిషన్‌కు ఇనిపియ్యదు. ఇది చెవి పెట్టేలోపే ఆగిపోతది. ఎల్బీనగర్‌ల తన్మయి మేడమ్ అని ఉంది. ఆమె పని గిదే."

పదకొండూ యాభైకి తన్మయి ల్యాబులో ఉన్నాను. ప్లాస్టిక్కులూ గాజు నారలూ ఎంత నీరు తాగుతాయో కొలవడం ఆమె ఉద్యోగం. నాకు మనవరాలి వయసు ఉంటుంది, నోట్లో పెన్ను మూత. బల్ల మీద టిఫిన్ డబ్బా అంత పెట్టె.

"ఇదేనా మిషన్? దీంట్ల నేను పట్టను గదమ్మా."

"మీరు పట్టక్కర్లేదు తాతా, రాడ్డు ఆనితే చాలు. ఇది అయస్కాంతం. నీళ్లలో హైడ్రోజన్ ఉంటుంది కదా..."

"నేను ఏడు దాకనే చదివిన. హైడ్రోజన్ ఎనిమిదిల ఉంటదట."

"అయితే వినండి. హైడ్రోజన్ పరమాణువు గుండె ఒక్కొక్కటీ ఒక బుల్లి అయస్కాంతం. ఈ పెట్టె వాటిని వరసలో నిలబెడుతుంది. రేడియో తరంగంతో ఒక్క తట్టు తడితే అవి పలుకుతాయి. ఎంత గట్టిగా పలికితే అంత నీరు. రెసిన్‌లో కూడా హైడ్రోజన్ ఉంటుంది, కానీ బిగుసుకుని ఉంటుంది. పలికి టక్కున ఆగిపోతుంది. నీళ్లది ఇంకొంచెం సాగుతుంది. ఆ తేడా పట్టుకోవాలి."

"ఎంత లోతున ఉన్నదో కూడా తెలుస్తదా?"

"పెట్టెను కొద్దికొద్దిగా జరుపుతుంటే పైపొర నుంచి లోపలికి వెంట్రుక మందం లెక్కన చదవచ్చు."

"అంటే మీటర్ రీడింగే!"

"రీడింగే," అని నవ్వింది.

గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో నేను ఎనిమిది సార్లు లేచాను, తొమ్మిది సార్లు కూర్చున్నాను. లెక్క కుదరదని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. గడియారం మాత్రం ఆగలేదు. ఒకటీ నలభైకి ఆమె మూడు కాగితాలు బల్ల మీద పరిచింది. నోట్లో పెన్ను మూత లేదు.

"మొదటిది, మంచి ముక్కను నలభై నిమిషాలు నీళ్లలో పెట్టి నేను తీసింది. చూడండి, గీత పైపొర దగ్గరే లేచి పడిపోయింది. వాన నీళ్లు చేసేది అంతే. రెండోది, నెల రోజులు నానబెట్టింది. పైన ఎక్కువ, లోపలికి పోతుంటే తక్కువ. మూడోది మీ రాడ్డు."

మూడో గీత తలకిందులుగా ఉంది. పైపొర దగ్గర నేలకు పాకి, లోపలికి పోయిన కొద్దీ లేచింది.

"పైన పొడి, లోపల తడి," అంది తన్మయి. "రెసిన్‌లో నీళ్లు నత్తలాగా నడుస్తాయి తాతా. ఇంత లోతుకు పోవాలంటే నెలల మీద నెలలు నీళ్లలో పడి ఉండాలి. నా లెక్కకు రెండు వానాకాలాలు. తర్వాత ఎవరో ఎండలో పెట్టారు, పైపొర ఆరింది. లోపల ఆరకముందే రంగు వేసేశారు. మూత పెట్టినట్టయింది."

"జూన్ల కొన్న కొత్త రాడ్డు రెండు వానాకాలాలు ఎక్కడ చూసిందమ్మా?"

"అది మీరు చెప్పాలి. నాకు తెలిసింది నీళ్ల సంగతే."

రెండూ ఇరవైకి స్టోరు చేరాను. రేకుల షెడ్డు, గోడకు మేకులు, మేకులకు సామాను. లింగస్వామి తాళాల గుత్తి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ప్రసన్నకుమార్ ఉన్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీ ఇన్వెస్టిగేటరు. రాజమండ్రి నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకున్నవాడు. ఇస్త్రీ మడత నలగదు. నాకూ అతడికీ ఇది నాలుగో కేసు. మూడింటిలో అతడే గెలిచాడు. ఈ మాట ఇంతకుముందు అధ్యాయాల్లో రాయడం మర్చిపోయాను.

"రండి తాతగారూ. రాడ్డుకి స్కానింగ్ తీయించారటగా? రిపోర్టేమొచ్చింది, మగపిల్లాడా?"

"కవలలు బాబూ. ఒకటి నీ రిపోర్టును తంతున్నది."

"నా రిపోర్టుకేం? వాతావరణం వాళ్ల కాగితం ఉంది. ఆరుంబావు నుంచి ఆరూ యాభై దాకా వాన. ట్రాలీకి పైకప్పు లేదు. రాడ్డు తడిసింది, కరెంటు దిగింది. ఇందులో డిటెక్టివ్ పనేముందండీ?"

"తడిసిన రాడ్డు తొమ్మిది రోజులకు ఆరుతదా ఆరదా?"

"శుభ్రంగా ఆరుతుంది."

"అయితే మెగ్గర్ తే లింగస్వామీ."

మెగ్గర్ అంటే కరెంటు ఎంత కారుతుందో చూపే మీటరు. గోడ మీది ఒక ఎర్ర రాడ్డుకు ముందు తగిలించాం. అది పాత రకం, వేరే కంపెనీది. ముల్లు మంచి వైపు కొసకు పోయి నిలబడింది. తర్వాత తిరుపతి పట్టుకున్న ముక్కను పొడి గుడ్డతో తుడిచి తగిలించాం. ముల్లు జారి, జారి, కింద కూర్చుంది. ప్రసన్నకుమార్ కాలు మీది కాలు దించాడు.

"ఆ వాన నీరే లోపలికి ఇంకిందేమో."

తన్మయి కాగితాలు అతడి ముందు పెట్టాను. చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. తెలివైనవాడు, ఒప్పుకోవాలి.

"ఇది ల్యాబులో అమ్మాయి చెప్పిన మాట. కోర్టులో నిలబడదు. ఈ రాడ్డు జూన్‌లో కొత్తగా కొన్నారు. నాలుగు రాడ్లు. ఇన్సూరెన్స్ కోసం నేనే స్వయంగా చూసి సర్టిఫై చేశాను. కావాలంటే సంతకం చూడండి."

"ఏం చూసినవ్?"

"రాడ్లు చూశానండీ! మెరిసిపోతున్నాయి."

"రంగు చూసినవ్."

అతడి చెవులు ఎర్రబడ్డాయి. నేను రాడ్డును తలుపు దగ్గరికి తీసుకుపోయి వెలుగులో తిప్పాను. పిడికి పైన మూడుచోట్ల నీలం రంగు పెచ్చు లేచింది. మూడూ ఒకే వరసలో, బొటనవేలంత ఎడంలో ఉన్నాయి.

"షాక్‌కి లేచిన పొక్కులవి," అన్నాడు ప్రసన్నకుమార్ నా భుజం మీదుగా. "ఎస్సైగారు కూడా అదే రాసుకున్నారు."

కాలిన పొక్కు అంచు నల్లబడాలి. ఇక్కడ నలుపు లేదు. పైగా మూడు పెచ్చులూ గుండ్రంగా లేవు, ఒక పక్క కోసేసినట్టు అర్ధచంద్రాల్లా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాను.

"ఏం వాసన తాతగారూ?"

"ఏం వాసనా రాదు బాబూ. కరోనా వచ్చి పోయినప్పుడు నా ముక్కును కూడా ఎంబడి తీసుకపోయింది. నాలుగేండ్లాయె, చాయ్‌కూ ఫినాయిల్‌కూ తేడా తెలుస్తలేదు. పీల్చుడు అలవాటు, పోతలేదు."

గోటితో గీకాను. రంగు కింద పచ్చగా జిగురు. పసుపు. ఆముదంలో కలిపిన పసుపు. మా నల్లగొండ వైపు ఆముదానికి కొదవ లేదు. ఆ జిడ్డు ఒకసారి పట్టిందంటే దాని మీద ఏ రంగూ నిలబడదు.

తల ఎత్తి షెడ్డంతా చూశాను. నిచ్చెన మీద మూడు పసుపు బొట్లు. ఇనుము బిగించే వైస్ మీద మూడు. కట్టర్ల డబ్బా మీద మూడు. పోయిన దసరాకు ఆయుధపూజలో పెట్టినవి. అన్నీ అర్ధచంద్రాలే.

"లింగస్వామీ, నీ కుడిచెయ్యి చూపెట్టు."

అతడు తాళాలు ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. బొటనవేలు కొస ఒక పక్కకు లేదు. ఎప్పుడో వైస్‌లో నలిగి పోయింది.

"ఈ రాడ్డు జూన్ల ఒచ్చింది," అన్నాను నెమ్మదిగా. "ఈ యేడు దసరా ఇంకా రానేలేదు. మరి దీనికి నువ్వు బొట్టు ఎప్పుడు పెట్టినవ్?"

లింగస్వామి వచ్చి రాడ్డు మీద వంగాడు. సగం బొటనవేలిని ఒక పెచ్చు మీద ఆనించాడు. సరిగ్గా సరిపోయింది. ఆ వేలు అక్కడే ఉండిపోయింది.

"నావే అన్నా ఇవి," అన్నాడు. "నా పాత రాడ్లే."

"కోసిన అన్నవ్ పొద్దున."

"మూడేండ్ల కింద పనికిరావని రాసిండ్రు. నాలుగు రాడ్లు. రంపం పట్టుకున్న. పట్టుకుంటే అప్పుడే దసరా అయ్యి పది రోజులు, బొట్లు పచ్చగ కనబడ్తున్నయి. పూజ చేసి దండం పెట్టిన పనిముట్టును నడిమికి ఎట్ల కొయ్యాలె? చెయ్యి రాలే. కోసినట్టు బుక్కుల రాసి షెడ్డు ఎనక గుంతల పండవెట్టిన. మర్యాదగ పోతయనుకున్న. రెండు వానాకాలాలు ఆ నీళ్లల్లనే ఉన్నయి. మొన్న సంక్రాంతి ముంగట స్క్రాపోడొచ్చి ఏసుకపోయిండు."

"ఎండబెట్టి రంగేసి మళ్లీ మీకే అమ్మిండు."

"కొయ్యకుంట ఇడిసిపెట్టింది నేనే గదన్నా."

అతడు నాకు పొద్దున చెప్పిన అబద్ధం ఇదొక్కటే. కిటికీ వైపు చూస్తూ చెప్పాడు, నేను రెండు గీతలు కొట్టుకున్నాను. సంతోషి అడిగిన మాటకు మాత్రం అతడు నిజమే చెప్పాడు. రాడ్డు తడిగా ఇవ్వలేదు. పైకి పొడిగానే ఉంది.

ప్రసన్నకుమార్ ఫైలు మూసి గోడ దగ్గరికి పోయాడు. అతడి గొంతులో వెటకారం లేదు. "నాలుగు రాడ్లు కొన్నారు. నేను నాలుగూ చూశాను. ఒకటి తిరుపతిది. మిగతావి?"

గోడకు రెండు నీలం రాడ్లు వేలాడుతున్నాయి. కారు తాళంచెవితో పిడి పైన గీకాడు. నీలం రంగు పెచ్చుగా ఊడింది. కింద అర్ధచంద్రం. రెండోదాని మీదా అర్ధచంద్రం. వాటి పక్క మేకు ఖాళీగా ఉంది.

"నాలుగోది ఏది లింగస్వామీ?"

అతడు ఖాళీ మేకును వేలితో తడిమాడు. "పొద్దున ఎనిమిదింటికి... లైన్‌మన్ జానయ్యకు ఇచ్చిన. బాటసింగారం పండ్ల మార్కెట్ కాడ ట్రాన్స్‌ఫార్మర్. మూడున్నరకు ఫ్యూజు తియ్యాలె. తుడిచి ఇచ్చిన అన్నా. మంచిగ తుడిచి నా చేతులతోనే ఇచ్చిన."

గడియారం మూడు కొట్టడానికి రెండు నిమిషాలుంది. తడిసిన రాడ్డు ఒక్కటే అనుకున్నాం కాబట్టి మిగతావాటిని ఎవరూ ఆపలేదు. పోలీసులు ఆపలేదు, ప్రసన్నకుమార్ ఆపలేదు, నేనూ ఆపలేదు.

"కారెక్కండి," అన్నాడు ప్రసన్నకుమార్. నన్ను తాతగారూ అనలేదు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ ఆపమందామని చూశాడు, నంబరు ఎంగేజ్. స్టీరింగ్ పట్టుకుని మళ్లీ మళ్లీ చేస్తూనే ఉన్నాడు. వెనక సీట్లో లింగస్వామి జానయ్యకు కలిపాడు. మూడో రింగుకే జానయ్య ఎత్తాడు. "రాడ్డు ముట్టకు!" అని లింగస్వామి అరిచాడు. "సరే మామా, పక్కన పడేసిన," అన్నాడు జానయ్య. మేం ముగ్గురం ఊపిరి పీల్చుకున్నాం.

మీరు కూడా పీల్చుకున్నారా? అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఈ అధ్యాయంలో నేను సొంతంగా కల్పించింది ఒక్కటే. స్కానింగ్ సెంటర్ సంగతి అనుకుంటున్నారేమో. కాదు, అది నిజం, ఇరవై మూడో నంబరు టోకెన్ ఇప్పుడు కూడా నా జేబులో ఉంది. కల్పించింది ఆ మూడో రింగు. జానయ్య ఫోన్ ఎత్తలేదు. పనిలోకి దిగేముందు లైన్‌మన్ ఫోన్‌ను సంచిలో పెట్టి సంచిని దూరంగా పెడతాడు. అదీ ఒక రూలే. ఆ మనిషి రూలు తప్పడు.

మూడూ ఇరవై నాలుగు. హయత్‌నగర్ దాటాం, ముందు లారీల వరస. అద్దం మీద మొదటి చినుకు పడింది. వెనక సీట్లో లింగస్వామి ఆ సగం బొటనవేలితోనే జానయ్య నంబరు మళ్లీ నొక్కాడు.